మీరడగండి, మేం చెప్తాం: కాళహస్తి అత్తకి ముప్పాతిక మార్కులు

ప్రశ్న: అన్నా నమస్తే. మా వాడు ఇంగ్లాండ్‌లో చదువుకుంటా ఉన్నాడు, అక్కడ పాత సామాన్ల అంగట్లో ఒక పూల దుప్పటి చూసి ఫోటో పంపినాడు, చీటీ మీద 'చింట్జ్' అని ఉందంట. మా అత్తది కాళహస్తి, చూడంగానే ఇది మా ఊరి కలంకారీనే, దొరలు ఎత్తుకుపోయినారు అనేసింది. మా ఆయనేమో కాదు అది ఇంగ్లీషోళ్ల డిజైనే అంటాడు. రెండ్రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అత్తగారికి ముప్పాతిక మార్కులు, మీ ఆయనకి పావు. చింట్జ్ అనే మాట ఇక్కడిదే, హిందీలో ఛీంట్ అంటే చుక్కలు చిలకరించినట్టుండే అద్దకం గుడ్డ. 1663లో లండన్‌లో శామ్యూల్ పెపిస్ అనే నేవీ ఆఫీసు ఉద్యోగి, భార్య కొత్త గది గోడలకి వేయడానికి ఇట్లాంటి గుడ్డ కొన్నానని డైరీలో రాసుకున్నాడు కూడా.

వాళ్లకి అంత మోజు ఎందుకంటే, ఉతికినా రంగు పోదు! అక్కడి బట్ట మీద పూసిన రంగు నీళ్లు తగిలితే కారిపోయేది. మనోళ్లు గుడ్డని కరక్కాయ, పాలల్లో నానబెట్టి, ఇనప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీళ్లతో నల్ల గీతలు గీసి, ఎరుపు పట్టడానికి పటిక వాడి, మళ్లీ మళ్లీ ఉతికి ఆరేసేవాళ్లు. కాళహస్తిలో కలంకారీ వేసే ఇంటికి పోండి, ఆ పులిసిన కుండ వాసన ఇప్పటికీ గుమ్మంలోనే తగుల్తాది.

అయితే ఒక మాట, అత్తగారికి మెల్లిగా చెప్పండి. కాళహస్తి కలం ఎక్కువగా గుళ్లో తెరలకి, రామాయణం భారతం బొమ్మలకి. మన తెలుగు నేల నించి ఓడలెక్కిన పూల గుడ్డలు ఎక్కువగా మచిలీపట్నం వైపువి, ఇంగ్లీషోళ్ల ఈస్ట్ ఇండియా కంపెనీ అక్కడ 1611లోనే కొట్టు పెట్టింది.

ఇంక మీ ఆయన పావు మార్కు. 1643లో లండన్ కంపెనీ పెద్దలు సూరత్‌లో ఉన్న వాళ్ల మనుషులకి ఉత్తరం రాసినారు, ఎర్ర నేల (అంటే పూల వెనకాల రంగు) ఉండే దుప్పట్లు అందరికీ నచ్చట్లేదు, తెల్ల నేల ఎక్కువుండి మధ్యలో పూలు కొమ్మలు రంగుల్లో ఉండేవి పంపండి అని. మనోళ్లు ఆర్డర్‌కి తగ్గట్టు వేసిచ్చినారు, అంటే చెయ్యి మనది, గిరాకీ వాళ్లది.

తర్వాత జరిగిందే నాకు మంట. పనిమనిషి నించి దొరసాని దాకా ఇవే కట్టేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట కొట్టినట్టయింది, 1719లో లండన్ వీధుల్లో ఆడోళ్ల ఒంటి మీద గౌన్లు చింపి సిరా కూడా పోసినారు. అంతకు ముందే 1700లో మన అద్దకం గుడ్డల్ని చట్టం పెట్టి ఆపినారు, తెల్ల గుడ్డ మాత్రం రానిచ్చి ప్రింట్లు అక్కడే వేసుకోవడం మొదలెట్టినారు, అది కూడా నేతగాళ్లకి గిట్టక 1721లో ఇంకో చట్టం, ఒంటి మీద కనబడితే 5 పౌన్ల జరిమానా. 1774లో వాళ్ల సొంత నూలు గుడ్డకి ఆ నిషేధం తీసేసినారు, ఆ తర్వాత మిల్లులు పెరిగి మాంచెస్టర్ గుడ్డ మన సంతల్లోకే వచ్చి కూర్చుంది.

మీ వాడు చూసింది ఎక్కడిదో ఫోటోలో చెప్పలేం. రెండు పూలు పక్కపక్కన పెట్టి చూడమనండి, అచ్చు గుద్దినట్టు ఒకటే ఉంటే మిల్లు ప్రింటు అయ్యుండొచ్చు, రేకులో వంకర తేడా ఉంటే చేత్తో వేసిందేమో, అప్పుడు ధర అడిగి నాకూ చెప్పండి.

ప్రశ్న: హోటల్లో 'ముల్లిగటానీ' సూప్ బ్రిటిష్ వంటకమని చెప్పి ఇచ్చినారు, నిజమేనా సార్?
- చిత్తూరు పాఠకుడు

జవాబు: చిత్తూరులో ఉండి ఇది అడుగుతారా సామీ! అరవంలో మిళగు తణ్ణి, అంటే మిరియాల నీళ్లు. దొరలకి అన్నానికి ముందు సూప్ కావాల, మద్రాసు వైపు వంటోళ్లు మన చారులో మాంసం, ఉల్లిపాయ వేసి గిన్నెలో పోసిచ్చినారు. బిల్లు ఎంతేసినారో రాయలేదే మీరు.