ఆ కరకర సంగతి

చిత్తూరు

చిన్నోడా,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూసినా. సైకిలు ముందు చక్రం ఎత్తి తిప్పితే ఇసక నమిలినట్ల కరకరమంటా ఉండాది. అది చెయిన్ కాదు, బ్రేకూ కాదు, హబ్బులో, అంటే చక్రం నడిమధ్య ఉండే గొట్టంలో, ఇరుసు చుట్టూ తిరిగే ఉక్కు గోళీల పని. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు ఆ సైకిలు మీ వాకిట్లో నీళ్లలోనే నిలబడింది గదా. తర్వాత తుడిచినారు, చెయిన్‌కు నూనె పోసినారు. హబ్బు లోపల ఎవురూ చూడలేదు. నీళ్లు దూరితే గ్రీజు తెల్లగా విరిగిపోతుంది, ఆమీద తుప్పు, తుప్పు వెనకాలే గుంతలు.

రిమ్ము పట్టుకొని అటూ ఇటూ ఊపి చూడు. టకటకమని ఆడి, తిప్పితే కరకర ఏం లేకపోతే కోను (ఇరుసు మీద గోళీలను అదిమిపట్టే నట్టు) వదులైనట్టే, బిగిస్తే చాలు. నీదానికి కరకర ఉంది కాబట్టి విప్పాల్సిందే.

కోను పట్టుకొనేదానికి సన్న పానా ఒకటి కావాల. మామూలు పానా మందంగా ఉండి పక్క నట్టుకు తగులుకుంటుంది. గ్రీజు, పాత బనీను గుడ్డ, కొంచెం కిరసనాయిలు, దొరక్కపోతే డీజిలు. ఇంకా అంచులున్న పళ్లెం.

చక్రం తీసి పళ్లెంలో పడుకోబెట్టి, ఒక పక్క కోను మాత్రమే విప్పు. రెండో పక్క ముట్టుకోవద్దు. అది కదలకుండా ఉంటేనే ఇరుసు మళ్లీ మునుపటి కొలతకే కూర్చుంటుంది. ఇరుసు లాగంగానే గోళీలు జలజలా రాలతాయి. ఎన్నో లెక్కపెట్టు. మన మాదిరి సైకిళ్లకు ముందు చక్రంలో పక్కకు 10, 3/16 అంగుళం. వెనక చక్రంలో పక్కకు 9, పావంగుళం. కొత్తవి కొనేటప్పుడు అంగడికి పాత గోళీ ఒకటి పట్టుకొనిపోయి కొలత సరిచూసుకో.

పాతవాటిలో నాలుగు బాగుండాయని కొత్తవాటిలో కలపొద్దు. అరిగినవి వెంట్రుకవాసి చిన్నగా ఉంటాయి, బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. కోను తుడిచి, గోళీలు పారే చోట బాల్‌పెన్ను మొనతో గీసి చూడు. పెన్ను ఎగిరెగిరి పోతే గుంతలున్నట్టే, కోను మార్చు. కప్పులోనే, అంటే హబ్బులో గోళీలు కూర్చునే గిన్నెలోనే, గుంతలుంటే మాత్రం ఆపెయ్. అప్పుడు హబ్బే మార్చాల, చక్రం పుల్లలన్నీ మళ్లీ అల్లాల. అది నీ చేతా కాదు, నా చేతా కాదు.

కప్పు శుభ్రం చేసి గ్రీజు దండిగా పుయ్యి. దాంట్లో గోళీలు ఒక్కొక్కటే గుచ్చు, చీపురుపుల్లకు గ్రీజు అంటిస్తే అదే పట్టుకుంటుంది. ఇంకో గోళీకి చోటుందే అని పదకొండోది ఇరికించవద్దు.

ఇప్పుడు కోను. నీ వయసులో నేను, ఎంత బిగిస్తే అన్ని దినాలొస్తుందనుకొని బలమంతా పెట్టి బిగించినా. తిరుపతి నుంచి చంద్రగిరి చేరకముందే చక్రం బిగుసుకుంది. కోను మీద గాడి పడింది. సైకిలు తోసుకుంటా వెనక్కి వచ్చినా. కాబట్టి చేత్తోనే ఆనేదాకా తిప్పి, రవ్వంత వెనక్కి తియ్యి. సన్న పానాతో కోను కదలకుండా పట్టుకొని పై నట్టు బిగించు. బిగించేటప్పుడు కోను కొంచెం ముందుకు జరిగి ఆ వదులు పోతుంది. ఒకేసారికి కుదరదు, నాకు ఇప్పటికీ మూడోసారికి గాని రాదు.

చక్రం ఫోర్కులో పెట్టి నట్లు బిగించినాక ఎత్తి వదులు. బరువున్న చోటు తనంతట తానే కిందికి జారి, ఉయ్యాల మాదిరి ఊగి నిలబడాల. టక్కున ఆగితే బిగువు. రిమ్ము ఊపితే ఆడితే వదులు. వంద కిలోమీటర్లు తిరిగినాక మళ్లొకసారి ఊపి చూసుకో.

వెనక చక్రం జోలికి ఇప్పుడే పోవద్దు, ఫ్రీవీల్‌తో, అంటే చెయిన్ తగులుకొనే పళ్లచక్రంతో, తంటా. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చేద్దాము.

గోళీలు ఇరవై కాదు, ఇరవై రెండు కొను. రెండు ఎట్లైనా మంచం కిందికి పోతాయి. పళ్లెం ఇక వంటింట్లోకి రాదని మీ అమ్మకు ముందే చెప్పు.

మీ మామ