కణం చావు గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రమ కనిపిస్తోంది. కానీ ‘శరీరం కోసం కణం ప్రాణత్యాగం చేస్తుంది’ అన్న ఒక్క వాక్యం మొత్తాన్నీ పక్కదారి పట్టించింది. త్యాగం అనగానే చదివేవాళ్ల మనసు కరుగుతుంది, ప్రశ్న మాత్రం అక్కడితో ఆగిపోతుంది. ప్రమాదం వచ్చిందని కణానికి ఎలా తెలిసింది? తెలిశాక మొదట ఏ ప్రొటీన్ కదిలింది? అవి రాయాలి.

కంఠసర్పినే (డిఫ్తీరియా) తీసుకో. ఆ బ్యాక్టీరియా వదిలే విషం కణంలోకి దూరి, ఈఎఫ్-2 అనే ప్రొటీన్‌కు ఒక రసాయన ముక్కను అతికిస్తుంది. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోము ఒక్కో అడుగు ముందుకు జరగాలంటే ఆ ఈఎఫ్-2 ఉండాలి. అది చెడితే ప్రొటీన్ల తయారీ నిలిచిపోతుంది. విషపు అణువు ఒక్కటి లోపలికి చేరినా కణం చావడానికి చాలని 1978లోనే తేల్చారు. ఎందుకంటే అది ఎంజైము. ఒకదాన్ని చెడగొట్టి వదిలేసి ఇంకోదాని మీదికి పోతుంది. నువ్వు ‘అత్యంత భయంకరమైన విషం’ అన్నచోట ఈ నాలుగు ముక్కలు పెట్టు. విశేషణంతో పని ఉండదు.

తర్వాతి మెట్టు దగ్గర తొందరపడకు. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. ఆగిపోయిన రైబోజోములను జాక్-ఆల్ఫా అనే ఎంజైము పసిగడుతుంది. మనిషి చర్మకణాల్లో అది ఎన్‌ఎల్‌ఆర్‌పీ-1 అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. దాంతో ప్రొటీన్లను కోసే కాస్పేజ్-1 అనే ఎంజైము మేల్కొని గాస్‌డెర్మిన్-డీ అనే ప్రొటీన్‌ను రెండుగా కోస్తుంది. కోసిన ముక్కలు ముప్పై పైచిలుకు ఒకచోట చేరి, కణం పైపొరలో గాజులా గుండ్రంగా అమరుతాయి. నడుమ దాదాపు 20 నానోమీటర్ల రంధ్రం. అందులోంచి వాపు కబురు మోసే ఐఎల్-1బీటా అనే ప్రొటీన్ బయటికి పోతుంది, నీళ్లు లోపలికి వస్తాయి, కణం ఉబ్బి పగులుతుంది.

ఇక్కడ కణం విషాన్ని గుర్తుపట్టలేదు. తన పని ఆగిందని గుర్తుపట్టింది. రైబోజోమునే దెబ్బతీసే ఆముదం గింజలోని రైసిన్ అయినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలైనా ఇదే జాక్-ఆల్ఫా మేల్కొంటుంది. లోకంలోని విషాలన్నిటికీ విడివిడిగా కాపలా పెట్టడం ఏ కణానికీ సాధ్యం కాదు. తన పని సాగుతోందో లేదో చూసుకోవడం సాధ్యం. కణం ఎందుకు చస్తుందన్న నీ ప్రశ్నకు జవాబూ ఇక్కడే దొరుకుతుంది. ప్రొటీన్లు చేసుకోలేని కణం ఎలాగూ బతకదు. ఊరికే చస్తే పక్కవాటికి కబురుండదు, పగిలి చస్తే ఐఎల్-1బీటా తెల్లకణాలను పిలుస్తుంది. వైరస్ సోకితే లాభం ఇంకా నేరుగా ఉంటుంది: కొత్త వైరస్‌లు తయారయ్యేలోపు కార్ఖానా మూతపడుతుంది.

రెండు చావులను కలిపేశావు, విడదియ్యి. పగిలేది పైరోప్టోసిస్. 1972లో పేరుపెట్టిన అపోప్టోసిస్ వేరు. గ్రీకులో ఆకులు రాలడమని దాని అర్థం. అందులో డీఎన్‌ఏ దాదాపు 180 బేస్ జతల చొప్పున తెగుతుంది, కణం చిన్నచిన్న మూటలుగా విడిపోతుంది, పక్క కణాలు చప్పుడు లేకుండా మింగేస్తాయి. వాపు రాదు. ఆవు మశూచి వైరస్ క్రమ్-ఏ అనే ప్రొటీన్‌తో, అపోప్టోసిస్‌ను కూడా నడిపే కాస్పేజ్‌లను కట్టేసి ఈ దారి మూసేస్తుంది. అప్పుడు కణం ఆర్‌ఐపీకే-3, ఎంఎల్‌కేఎల్ అనే ప్రొటీన్లతో మూడో దారి తెరుస్తుంది, దాని పేరు నెక్రోప్టోసిస్. ఈ ఎత్తుకు పైఎత్తును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. కనీసం ఒక పేరా ఇవ్వాల్సిన చోటు అది.

నష్టం కూడా రాయి. కంఠసర్పిలో గొంతుకు అడ్డంపడే బూడిదరంగు పొరలో చచ్చిన కణాలే బోలెడు. ఊపిరాడకుండా చేసేది ఆ పొరే. ఇది చెప్పకపోతే కణాల చావు ఎప్పుడూ మేలే చేస్తుందని చదివినవాళ్లు నమ్మేస్తారు.

మొదలు మాత్రం వరి ఆకుతో పెట్టు. శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గితెగులుకు లొంగే రకం ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిదరంగు. తట్టుకునే రకం మీద గుండుసూది తలంత గోధుమ చుక్కలే. శిలీంధ్రం దిగినచోట కణాలు వెంటనే చావడం వల్ల ఆ చుక్కలు వస్తాయి. తొలిదశలో దానికి బతికున్న కణమే కావాలి, అది దొరక్క అక్కడే ఆగుతుంది. ఆ చుక్కను రైతు రోజూ చూస్తాడు, కాబట్టి అతనికి గాస్‌డెర్మిన్ కన్నా ముందు ఆకు చూపించు. అయితే ఆకులోనూ గాస్‌డెర్మినే పనిచేస్తుందన్నట్టు రాయకు. మొక్కల యంత్రాంగం వేరు.

ఇంకొక్కటి. ‘ఆముదంలో రైసిన్ ఉంటుంది’ అని రాశావు, తప్పు. రైసిన్ ప్రొటీన్, నూనెలో కరగదు. గింజ ఆడాక చెక్కలో మిగిలిపోతుంది. పశువులకు ఆ చెక్క అలాగే పెడితే ప్రమాదం. ఆ వాక్యం దిద్దాకే పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య