హతసాక్షుల కథ రాస్తున్న యువ మిత్రునికి

చిరంజీవికి శుభాశీస్సులు.

నీ రాతప్రతి అందింది. 203వ సంవత్సరం మార్చి 7న, క్రైస్తవ విశ్వాసం విడవనందుకు, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగర క్రీడారంగంలో ప్రాణాలు విడిచిన పెర్పెతువాను, ఆమె తోటివారిని గురించి మన భాషలో ఇంత ఓపికగా రాసే కుర్రవాడు ఉన్నాడన్న సంతోషంతోనే చదవడం మొదలుపెట్టి, రెండు రాత్రుల్లో ముగించాను. బాగున్నవి బాగున్నాయని చెప్పేవారు నీకు వేరే ఉంటారు కనుక, నాకు అడ్డుపడిన చోట్లు మాత్రమే చెబుతాను.

మొదటిది చిరునవ్వు. నీ పుస్తకంలో చనిపోయే ప్రతి మనిషీ చిరునవ్వుతోనే చనిపోతున్నాడు. నా తొలి కథలోనూ ఒక ముసలి ఉపదేశి ఇలాగే నవ్వుతూ కన్నుమూశాడు. చిన్ననాట ఉజ్జీవ కూడికల్లో విన్న ప్రసంగాల నుంచి ఆ నవ్వును తెచ్చుకున్నాను తప్ప, ఏ మనిషి ముఖం మీదా చూసింది కాదు. పెర్పెతువా విషయంలో నీకు ఆ అవసరమే లేదు, ఎందుకంటే ఆమె తన చెరసాల రోజుల్ని తానే రాసి పెట్టింది. ఇరవై రెండేళ్ల వయసు, చంకలో పాలు తాగే బిడ్డ. అంతటి చీకటిని ఎన్నడూ ఎరగక భయపడ్డానని, కిక్కిరిసిన జనం వల్ల ఉక్క భరించలేకపోయానని, బిడ్డ మీది బెంగతో నలిగిపోయానని ఆమే చెప్పింది. బిడ్డను దగ్గర ఉంచుకోనిచ్చిన రోజున ఆ చెరసాలే తనకు రాజభవనమైపోయిందని కూడా రాసింది. నెరిసిన తల గల తండ్రి ఆమె చేతులు ముద్దుపెట్టుకొని, కాళ్ల మీద పడి, కూతురా అని కాక అమ్మగారూ అన్నట్టుగా పిలుస్తూ బతిమాలాడు. విచారణ నాడు గవర్నరు హిలరియానుస్ ఆ ముసలాయనను కర్రతో కొట్టించినప్పుడు, ఆ దెబ్బ తనకే తగిలినట్టయిందని ఆమె రాసిన వాక్యం ఒకటుంది. నీ ప్రతిలో ఆ తండ్రికి రెండే పంక్తులు దక్కాయి, అందులోనూ అతణ్ణి శోధకుడిగా నిలబెట్టావు. కూతురు అతణ్ణి అలా చూడలేదు, నాయనా.

ఇంకొక సంగతి గమనించు. క్రీడారంగంలో జరగబోయేది రాయదలచినవారు రాసుకోవచ్చునని చెప్పి ఆమె తన రాత ముగించింది. ఆమె మీదికి ఆవును వదలడం, వణికే కత్తివాని చేతిని ఆమే తన గొంతు మీదికి మళ్లించుకోవడం, ఇవన్నీ వేరొకరు చేర్చిన భాగంలోనివి. ఆ రెండు చేతిరాతల మధ్య అతుకు ఎక్కడుందో నీ పాఠకునికి తెలియనివ్వు. నువ్వు దాన్ని సున్నం కొట్టి కప్పేశావు.

హతసాక్షి అన్న మన మాటను ఒకసారి విడదీసి చూడు. గ్రీకులో మార్టుస్ అంటే సాక్షి మాత్రమే. న్యాయస్థానంలో నిలబడి చూసింది చూసినట్టు చెప్పేవాడు. హత అన్నది మన తెలుగువాళ్లు ముందు చేర్చుకున్న మాట. నీ పుస్తకం ఆ ముందు సగానికే అంకితమైపోయింది.

ఇక నా అసలు ఫిర్యాదు. కష్టానికి తట్టుకోలేక లొంగిపోయిన మనిషి నీ పుస్తకంలో ఒక్కడూ లేడు. పెర్పెతువా తర్వాత సుమారు యాభై ఏళ్లకు, అదే కార్తేజిలో ఏం జరిగిందో చదువు. దేకియుస్ చక్రవర్తి రోము సామ్రాజ్యంలోని ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి, అధికారుల ఎదుట ధ్రువపత్రం పుచ్చుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఐగుప్తు ఇసుకలో అలాంటి పత్రాలు, పపైరస్ మీద రాసినవి, నలభైకి పైగా దొరికాయి. అన్నీ 250వ సంవత్సరం జూన్, జూలై నెలలవే. వాటిలో ఒకటి అలెగ్జాండర్ దీవి అనే గ్రామానికి చెందిన అవురేలియుస్ దియోగెనెస్‌ది. తండ్రి పేరు సతాబూస్, వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ. తాను ఎప్పుడూ దేవతలకు బలి అర్పిస్తూనే వచ్చానని, ఇప్పుడు మీ ఎదుట ఆజ్ఞ ప్రకారం బలి ఇచ్చి, ధారపోసి, ప్రసాదం రుచి చూశానని, అందుకు సంతకం చేసి ఇప్పించవలసిందని అతని మనవి. పదో తరగతి ధ్రువపత్రం మీద పుట్టుమచ్చలు రాయించుకున్న మనకు ఆ కనుబొమ మచ్చ ఎంత దగ్గరిదో చూడు. ఆ ముసలివాడు క్రైస్తవుడో కాడో పత్రం చెప్పదు. మొసలి దేవుడైన పెతెసూకోస్ పూజారిణి ఒకావిడ కూడా అలాంటి పత్రమే తీసుకోవలసి వచ్చిందంటే, ఆ ఆజ్ఞ క్రైస్తవుల పేరు పెట్టి రాసింది కాకపోవచ్చునని నాకనిపిస్తుంది. హింస ఎప్పుడూ సింహం నోటితోనే మొదలవదు; దరఖాస్తుతో, వరుసలో నిలబడడంతో కూడా మొదలవుతుంది. నీ పుస్తకంలో సింహాలు పదకొండు చోట్ల ఉన్నాయి, గుమాస్తా ఒక్కడూ లేడు.

ఆ రోజుల్లో కార్తేజి బిషప్పు కిప్రియాను పారిపోయి దాక్కున్నాడు. దానికి మాటలు పడ్డాడు. తిరిగి వచ్చాక, విశ్వాసం విడిచినవారిని గురించి రాస్తూ, వాళ్లంతట వాళ్లే నగరచౌకానికి పరుగెత్తారని, సాయంత్రమైపోయింది, రేపు రండని అధికారులంటే ఇవాళే కానివ్వమని వేడుకున్నారని చెప్పాడు. బలి ఇచ్చినవాడు ఒకడు, సాంబ్రాణి మాత్రం వేసినవాడు ఒకడు, ఏదీ చేయకుండా డబ్బిచ్చి కాగితం కొనుక్కున్నవాడు ఇంకొకడు. వీళ్లను మళ్లీ సంఘంలోకి చేర్చుకోవాలా వద్దా, ఎవరికి ఎంత ప్రాయశ్చిత్తం అన్న వాదనలోనే ఆ సంఘం ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 258 సెప్టెంబరు 14న కిప్రియాను తల కూడా తెగింది. శిక్ష చదవగానే దేవునికి కృతజ్ఞతలు అన్నాడు, తలారికి ఇరవై ఐదు బంగారు నాణేలు ఇప్పించాడు, కళ్లకు గంతలు తానే కట్టుకున్నాడు. ఒకసారి దాక్కున్నవాడే అక్కడ నిలబడ్డాడని తెలిసినప్పుడు ఆ నాణేల చప్పుడు వేరుగా వినిపిస్తుంది. దాక్కున్న భాగాన్ని నీవు తీసేస్తే ఆయన మరణాన్ని నీవే చిన్నది చేసినట్టు.

అంకెల విషయం తొందరగా చెప్పి ముగిస్తాను. లక్షలాది మంది అని మూడుసార్లు రాశావు. తండ్రి లెయోనిదెసును హింసల్లో పోగొట్టుకొని, తర్వాత దేకియుస్ కాలంలో తానే చిత్రహింసలు అనుభవించిన క్రైస్తవ పండితుడు ఒరిగెను, అంతకు కొద్దికాలం ముందు రాస్తూ, విశ్వాసం కోసం చనిపోయినవారు కొద్దిమందే, సులభంగా లెక్కించదగినవారే అన్నాడు. ఆయనకంటే మనకు ఎక్కువ తెలుసునా? ఆ లక్షల్ని కొట్టేసి పేరు తెలిసినవాళ్లను ఉంచు. పెర్పెతువాతో పాటు చెరలో ఉన్న ఫెలిసితాసు ఎనిమిదో నెలలో అక్కడే ప్రసవించిన ఘట్టానికి ఒక అధ్యాయం పట్టాలి. నీవు పేరాలో దాటేశావు.

చివరి అధ్యాయంలో, క్రైస్తవ చక్రవర్తులు రావడంతో హింసలు ముగిశాయన్నావు. 385 ప్రాంతంలో త్రియెర్ నగరంలో స్పెయిను బిషప్పు ప్రిస్కిలియానుకు మరణశిక్ష వేసినది క్రైస్తవ చక్రవర్తి మాక్సిముసే, అభియోగం తెచ్చినవాళ్లు బిషప్పులే. ఆ వాక్యం తీసేయ్, లేదా ప్రిస్కిలియానును కూడా రాయి.

ప్రస్తుతానికి పుస్తకమంతా తిరగరాయకు. పెర్పెతువా తండ్రిది ఒక పేజీ, కార్తేజి చౌకంలో చీకటి పడుతుండగా కాగితం కోసం నిలబడ్డ ఒక చిన్న వర్తకునిది ఇంకొక పేజీ, రెండూ రాసి పంపు. అతనికి పేరు పెట్టు, ఇంటి దగ్గర ఎవరు ఎదురు చూస్తున్నారో రాయి, కానీ అతని మీద తీర్పు చెప్పకు. ఈసారి మార్జిను కాస్త ఎక్కువ వదులు, నా చేతిరాత పెద్దది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి