వంజంగిపై మేఘాల సముద్రం ఎప్పుడు కనిపిస్తుంది?

ప్రశ్న: గత ఆగస్టులో పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కాం. చుట్టూ తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించలేదు. అందరూ చెప్పే ఆ మేఘాల సముద్రం నిజంగా ఉంటుందా? ఈసారి డిసెంబరులో వెళ్లాలనుకుంటున్నాం. మా అమ్మగారికి 68 ఏళ్లు, కొండ ఎక్కలేరు. ఉత్తరాంధ్రలో ఆవిడకు చూపించగల చోట్లు కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజంగానే ఉంటుంది. ఆగస్టులో మీరు మేఘాన్ని పైనుంచి చూడలేదు, దాని లోపలే నిలబడ్డారు. నైరుతి రుతుపవనాల కాలంలో తేమ నిండిన గాలి తూర్పు కనుమల వాలు వెంట పైకి లేచి, చల్లబడి, మేఘమై శిఖరాలనే కప్పేస్తుంది. అప్పుడు కొండలు ఎంత పచ్చగా ఉన్నా, దూరపు దృశ్యం మన అదృష్టం మీద ఆధారపడుతుంది.

చలికాలంలో జరిగేది వేరు. ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరత్వరగా కోల్పోతుంది. వాలు మీద చల్లబడి బరువెక్కిన గాలి లోయలోకి జారుతుంది. వానాకాలం వదిలి వెళ్లిన తేమ అక్కడ పొగమంచుగా మారుతుంది. ఆ మంచుకు పైన కాస్త వెచ్చని గాలి పొర ఒకటి ఏర్పడి, కుండ మీద మూతలా దాన్ని లేవనివ్వకుండా పట్టి ఉంచుతుంది. వంజంగి కొండ కొమ్ము ఆ పొరను దాటి నిలబడి ఉండటం వల్లనే, లోయంతా తెల్లగా నిండిపోయి, దూరపు శిఖరాలు లంకల్లా తేలుతున్నట్టు కనిపిస్తాయి. కాబట్టి మీరు ఎంచుకున్న డిసెంబరు సరైన నెలే. నా మాటగా నవంబరు రెండో సగం నుంచి జనవరి చివరి వరకు ఎప్పుడు వెళ్లినా మంచిదంటాను. అయితే బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వింటే ప్రయాణం వాయిదా వేసుకోండి. మబ్బు, గాలి ఉన్న రాత్రి ఈ మంచు ఏర్పడదు.

డిసెంబరులో అక్కడ సూర్యోదయం సుమారు 6.20 ప్రాంతంలో అవుతుంది. అంతకు అరగంట ముందే పైన ఉండాలి. అందుకోసం అర్ధరాత్రి దాటాక విశాఖపట్నంలో బయలుదేరేవారు చాలామంది ఉన్నారు. మంచు కమ్మిన ఘాట్ రోడ్డు మీద నిద్రమత్తుతో బండి నడపడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ముందు రోజే పాడేరు చేరుకుని, రాత్రి విశ్రమించి, తెల్లవారుజామున కొండకు వెళ్లండి. దారిలో రాళ్లూ గడ్డీ మంచుకు తడిసి జారుతాయి గనుక, పట్టు ఉన్న బూట్లు, తలొక టార్చి, చలికోటు తప్పనిసరి. సూర్యుడు కనిపించగానే దిగిపోవద్దు. ఎండ సోకిన కొద్దీ మంచు కదిలి, విడిపోయి, అడుగున ఊళ్లు ఒక్కొక్కటిగా బయటపడే ఆ తర్వాతి గంట నాకు సూర్యోదయం కంటే ఇష్టం. ఆ రోజుల్లో మన్యంలో కాఫీ పళ్ల కోత సాగుతుంటుంది. తోటల పక్క నుంచి నడిచేటప్పుడు వరుసల్లోకి దిగకండి, కొమ్మలు వంచకండి. అది అక్కడి గిరిజన రైతుల ఏడాది పంట.

ఇక అమ్మగారి విషయం. అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మీద అనంతగిరి దాటాక వచ్చే గాలికొండ వ్యూపాయింట్ దగ్గర బండి దిగితే చాలు, వరుస వరుసలుగా కొండలు కనిపిస్తాయి. సముద్రం కూడా చూపించాలంటే, విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని తొట్లకొండను ఎంచుకుంటాను. కైలాసగిరికి రోప్‌వే ఉన్నా, అక్కడి జనసందడి కంటే ఇక్కడి నిశ్శబ్దం పెద్దవారికి నచ్చుతుంది. కొండ మీదికి రోడ్డు ఉంది. 1988 నుంచి 1993 వరకు జరిపిన తవ్వకాల్లో బయటపడిన బౌద్ధ విహారపు పునాదుల మధ్య నిలబడితే, ఎదురుగా బంగాళాఖాతం కనిపిస్తుంది. నీడ తక్కువ గనుక ఆవిడను ఉదయం పూటే తీసుకువెళ్లండి.