పసుపు పచ్చబడిన పాత మానిటర్

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్‌లో చేసిన పాత పెళ్లి పత్రికల ఫైళ్ల కోసం విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరునూ, 17 అంగుళాల పిక్చర్ ట్యూబు మానిటర్‌నూ ఇప్పటికీ వాడుతున్నాము. నెల రోజులుగా తెరంతా పసుపుగా కనిపిస్తోంది. ఒక్కోసారి దానంతటదే బాగుపడి, మళ్లీ మొదటికి వస్తోంది. తెల్ల కాగితానికీ పసుపు అంచుకూ తేడా తెలియడం లేదు. బల్ల మార్చినప్పటి నుంచి కుడి మూలన ఆకుపచ్చ మచ్చ కూడా పడింది. ట్యూబు పోయిందనీ, పాత సామాన్లకు వేసేయమనీ మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తొందరపడి మానిటర్‌ను వదులుకోకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ట్యూబు కంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి. తెర మీది ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయికే. మూడూ కలిస్తే తెలుపు. అందులోంచి నీలం తప్పుకుంటే మిగిలేది పసుపు. తెల్ల కాగితమూ పసుపు అంచూ ఒకేలా కనిపించడానికి కారణం ఇదే. నీలి అక్షరాలు కొన్ని టైపు చేసి చూడండి, అవి నల్లగా కనిపిస్తే నీలం అందడం లేదని రూఢి అవుతుంది. (ఎరుపు పోతే తెలుపు నీలాకుపచ్చగానూ, ఆకుపచ్చ పోతే ముదురు గులాబీగానూ మారుతుంది.)

ఇక ఆ నీలం ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. మానిటర్ ముందున్న బటన్ నొక్కితే వెలుతురు, కాంట్రాస్ట్ సర్దుకునే మెనూ వస్తుంది కదా, దానిని తయారుచేసేది కంప్యూటర్ కాదు, మానిటరే. ఆ మెనూలోని తెల్ల అక్షరాలు తెల్లగానే ఉంటే ట్యూబు క్షేమం, లోపం బయటి నుంచి వచ్చే సిగ్నల్‌లో ఉంది. మెనూ కూడా పసుపుగా ఉంటేనే లోపలి భాగాలను అనుమానించాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల తెర మీద వచ్చే తెల్ల అక్షరాలను కూడా గమనించండి. అవి సరిగ్గా ఉండి, విండోస్ వచ్చాకే పసుపు ఆవరిస్తే, పాత ఫోటోషాప్‌తో వచ్చిన అడోబ్ గామా వంటి రంగుల సర్దుబాటు ప్రోగ్రాము చెడి ఉండవచ్చు.

మధ్యమధ్యలో బాగుపడుతోందన్న మీ మాట చాలా ముఖ్యం. అరిగిపోయిన ట్యూబు సాధారణంగా అలా ఒక్కసారిగా వచ్చీ పోయీ ఉండదు. వదులైన అతుకే అలా చేస్తుంది. కంప్యూటర్ ఆపి, మానిటర్ కేబుల్ చివర కంప్యూటరుకు తగిలించే వీజీఏ ప్లగ్గును విప్పి, వెలుతురులో చూడండి. 15 పిన్నులు మూడు వరుసల్లో ఉంటాయి. వెడల్పు వైపు వరుసలో సరిగ్గా నడుమ ఉన్న పిన్నే నీలానిది. అది వంగి ఉంటే, లీడు తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనను దానికి తొడిగి నెమ్మదిగా నిలబెట్టండి. మధ్య వరుసలో ఒక పిన్ను లేకపోతే కంగారు పడనవసరం లేదు, చాలా కేబుళ్లను అలాగే తయారుచేస్తారు. పిన్నులన్నీ బాగుంటే ప్లగ్గును తిరిగి బిగించి, కంప్యూటర్ ఆన్ చేసి, వైరు ప్లగ్గులోకి దూరే మెడ దగ్గర మెల్లగా వంచండి. రంగు మారితే వైరు లోపల తెగినట్టే. పాత మానిటర్లలో కేబుల్ చాలావరకు వెనుకవైపు శాశ్వతంగా బిగించి ఉంటుంది కాబట్టి, కొత్త ప్లగ్గు టంకం వేయించుకోవలసి వస్తుంది. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు. ఇంకో మానిటర్‌ను అదే కంప్యూటరుకు తగిలించినా పసుపే వస్తే, తప్పు కంప్యూటర్ లోపల ఉండి తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డుది.

మూలన పడిన ఆకుపచ్చ మచ్చ వేరే జబ్బు. ట్యూబులో తెర వెనుక సన్నని రంధ్రాల లోహపు రేకు ఉంటుంది. దానికి అయస్కాంత ప్రభావం సోకితే ఒక రంగు చుక్క మీద పడవలసిన కిరణం పక్క చుక్క మీద పడుతుంది. బల్ల మార్చినప్పుడు స్పీకరో, స్టెబిలైజరో, యూపీఎస్సో దగ్గరికి జరిగి ఉంటుంది. మానిటర్ ముఖం వేరే దిక్కుకు తిరిగినా భూమి అయస్కాంత క్షేత్రం వల్ల ఇలా జరగవచ్చు. వాటిని దూరంగా జరిపి, మెనూలో డీగాస్ (అంటే అంటుకున్న అయస్కాంతత్వాన్ని పోగొట్టే ఏర్పాటు) నొక్కండి. ‘ఠంగ్’మని మోగి, తెర రెండు క్షణాలు వణికి కుదుటపడుతుంది. వెంటవెంటనే నొక్కితే ఫలితం ఉండదు, డీగాస్ చేసే వైరు చుట్టకు కరెంటు అందించే భాగం చల్లబడడానికి అరగంట విరామం ఇవ్వాలి.

మెనూ కూడా పసుపుగా ఉండి, మానిటర్ పక్కన తట్టినప్పుడు రంగు మారుతుంటే, ట్యూబు మెడకు తగిలించిన బోర్డులో టంకం పగిలి ఉండవచ్చు. దయచేసి మానిటర్‌ను విప్పి ఆ పని మీరు చేయకండి. ట్యూబులో సుమారు 25,000 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఆ ఛార్జి నిలిచి ఉండి ప్రాణం మీదకు తేగలదు. పాత టీవీలు బాగుచేసే అనుభవజ్ఞుడికే అప్పగించండి. ఒకవేళ ఆయన కూడా నీలం గన్ను (ట్యూబులో నీలం రంగుకు కిరణాన్ని పంపే భాగం) నీరసించిందనే తేలిస్తే, ఆ మానిటర్‌ను అక్షరాలు కంపోజ్ చేయడానికి ఉంచుకుని, పత్రికల రంగులు మాత్రం ప్రింటు తీసిన కాగితం మీదే సరిచూసుకోండి.