తెర మీది బొమ్మ, గోడ మీది బొమ్మ

డిజిటల్ చిత్రాల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపేసి, ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: చిత్రకళా ప్రదర్శన ఒకదానికి టాబ్లెట్ మీద వేసిన బొమ్మ పంపాను. "చేత్తో వేసింది కాదు, కంప్యూటర్ చేసింది" అని తిప్పి పంపారు. కంప్యూటర్‌లో చేసిన బొమ్మ నిజంగా కళ కాదా?

జవాబు: కళే. కాకపోతే ఆ తిరస్కారంలో రెండు సంగతులు కలగలిసిపోయాయి. "మా ప్రదర్శన నూనె రంగులకూ నీటి రంగులకూ మాత్రమే" అని నిర్వాహకులు నియమం పెట్టుకోవచ్చు. ముందే రాసి ఉంచితే దాన్ని తప్పుపట్టలేం. "ఇది కళ కాదు" అనడం మాత్రం నియమం కాదు, తీర్పు. తీర్పన్నాక కారణం చూపాలి.

వాళ్లు చూపిన కారణం నిలిచేది కాదు. టాబ్లెట్ మీద గీసేదీ చెయ్యే. ఇవాళ్టి మంచి పెన్ టాబ్లెట్లు ఒత్తిడిని 8,192 మెట్లుగా గుర్తిస్తాయి, పెన్ను వంపును కూడా పట్టుకుంటాయి. పోనీ చెయ్యి తగల్లేదనే అనుకుందాం. జపాన్ చిత్రకారుడు హొకుసాయి గీసిన ప్రసిద్ధ చిత్రం కనగావా అలను చెక్క మీద చెక్కింది వేరే పనివాళ్లు, కాగితం మీద అచ్చు తీసింది ఇంకొకరు. అయినా అది హొకుసాయి బొమ్మే.

ఫోటోగ్రఫీ కూడా ఈ గొడవ దాటే వచ్చింది. 1859లో ఫ్రెంచ్ కవి బోద్‌లేర్ ఫోటోను కళకు శత్రువుగా లెక్కగట్టి దుమ్మెత్తిపోశాడు. 1884లో రచయిత ఆస్కార్ వైల్డ్ ఫోటో ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. యంత్రం తీసిన బొమ్మకు కర్త ఉంటాడా అన్నది వాదం. వైల్డ్‌ను కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, వెలుగునీడల అమరిక, ముఖంలో పలికించిన భావం ఫోటోగ్రాఫర్ ఆలోచనలోంచి వచ్చాయి కాబట్టి కర్త అతనేనని కోర్టు తేల్చింది. మేం కూడా ఆ కొలబద్దనే వాడతాం: బొమ్మలో కనిపిస్తున్న వాటిలో మనిషి ఎంచుకున్నవెన్ని, వాటంతటవే వచ్చి పడినవెన్ని?

కంప్యూటర్ బొమ్మలు నిన్నమొన్నటివి అనుకోవడం కూడా పొరపాటే. 1965లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గెయోర్గ్ నీస్, న్యూయార్క్‌లో మైకేల్ నోల్ తమ కంప్యూటర్ చిత్రాలను ప్రదర్శనకు పెట్టారు. 1968లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్స్ ఇలాంటి పనులతో 'సైబర్నెటిక్ సెరెండిపిటీ' అనే పెద్ద ప్రదర్శన నడిపింది. ఆ ఏడాదే పారిస్‌లో చిత్రకారిణి వేరా మోల్నార్‌కు కంప్యూటర్ అందింది. మీ ప్రశ్నకు అసలైన జవాబు ఆమె పనిలో దొరుకుతుంది. అంతకు దాదాపు పదేళ్ల ముందు నుంచే ఆమె ఒక 'ఊహా యంత్రం' ఉన్నట్టు అనుకుని, నియమాలు రాసుకుని, వాటి ప్రకారం చేత్తోనే బొమ్మల వరసలు గీసేది. యంత్రం వచ్చాక పని వేగం పెరిగింది. గీత ఎంత వంకర పోవాలి, క్రమం ఎక్కడ చెదరాలి, వచ్చిన వాటిలో ఏది ఉంచాలి అన్నవి మాత్రం యంత్రానికి ముందూ తర్వాతా ఆమె నిర్ణయాలే.

మళ్లీ పంపేటప్పుడు మాధ్యమం దగ్గర ఉత్త "డిజిటల్" అని రాసి వదిలేయకండి. "డిజిటల్ చిత్రం, పత్తి కాగితం మీద పిగ్మెంట్ ఇంకు ప్రింట్" అని రాసి కొలతలు, సంవత్సరం, ఎడిషన్ సంఖ్య (తీసే మొత్తం ప్రింట్లలో ఇది ఎన్నోది) చేర్చండి. తొలి గీతల నుంచి చివరి దాకా మూడు నాలుగు దశల బొమ్మలు జతచేయండి. సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ప్రశ్న: తప్పు గీస్తే అండూ (గీసినదాన్ని వెనక్కి తీసే మీట) నొక్కొచ్చు, లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరలు) ఉన్నాయి. ఇంత తేలికైన దాంట్లో నైపుణ్యం ఏముంది?

జవాబు: అండూ తప్పు గీతను తీసేస్తుంది, కానీ అది తప్పని కనిపెట్టాల్సింది మీరే. నూనె రంగుల్లో లేని చిక్కులు కొన్ని ఇక్కడున్నాయి. మొదటిది జూమ్. 400 శాతం దగ్గర కనురెప్పలు ఒక్కొక్కటే గీస్తూ కూర్చుంటే, మొత్తం బొమ్మలో తల మెడ మీద సరిగ్గా లేదన్న సంగతి గంటల తరబడి తెలియదు. రెండో కిటికీలో అదే బొమ్మను చిన్నదిగా, 10-15 శాతం దగ్గర తెరిచి ఉంచుకోవాలి. రెండోది రంగుల మోజు. పైన ఒక లేయర్ వేసి, నలుపు నింపి, బ్లెండ్ మోడ్‌ను (పై లేయర్ కింది దానితో కలిసే తీరును) 'కలర్'కు మారిస్తే బొమ్మ మొత్తం బూడిద ఛాయల్లో కనిపిస్తుంది. ముఖం, వెనక గోడ ఒకే ఛాయలో కలిసిపోయాయంటే ఎన్ని రంగులు మార్చినా ఆ ముఖం ముందుకు రాదు. అరగంటకోసారి బొమ్మను అద్దంలోలా కుడిఎడమలు తిప్పి చూడండి, వంకరలు బయటపడతాయి.

ఇక రంగును తుంపరలా పరిచే మెత్తటి ఎయిర్‌బ్రష్. కొత్తవాళ్ల బొమ్మలు ప్లాస్టిక్‌లా మెరవడానికి ముఖ్య కారణం ఇదే. అన్ని అంచులూ ఒకేలా మెత్తబడతాయి, నీడల్లో నలుపు తప్ప మరో రంగు ఉండదు. గట్టి అంచున్న బ్రష్షులు మూడో నాలుగో పెట్టుకుని పని నేర్చుకోవడం మేలు. వందల బ్రష్షుల ప్యాకులు దించుకోవడం కాలక్షేపానికి పనికొస్తుంది.

ప్రశ్న: తెర మీద నిగనిగలాడే బొమ్మ ప్రింట్‌లో చీకటిగా వస్తోంది. నీలం ఊదాగా మారుతోంది. ఆకాశంలో చారలు పడుతున్నాయి. లోపం ప్రింటర్‌దా?

జవాబు: చాలాసార్లు కాదు. మూడింటికీ మూలాలు వేరు.

చీకటికి కారణం మానిటర్ వెలుగు. చాలా మానిటర్లు కొన్న రోజున చదరపు మీటరుకు 250 కాండెలాలకు (వెలుగును కొలిచే ప్రమాణం) పైనే వెలుగుతుంటాయి. అంత వెలుగులో నీడలు సరిపోయినట్టు అనిపిస్తాయి. కాగితానికి సొంత వెలుగు లేదు కదా, ప్రింట్‌లో అవే నీడలు మసి అవుతాయి. ప్రింట్ కోసం పనిచేసేటప్పుడు వెలుగును 80 నుంచి 120 మధ్యకు, తెలుపును 6500 కెల్విన్‌కు దించి, కలరిమీటర్‌తో (తెర రంగులను కొలిచే పరికరం) సరిచూసుకోవాలి. కలరిమీటర్ లేకపోతే, తెర మీద తెల్లటి ఖాళీ పేజీ తెరిచి, పక్కన గది వెలుతురులో తెల్ల కాగితం పట్టుకోండి. రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేదాకా తెర వెలుగు తగ్గించండి. ఉజ్జాయింపే అయినా ఏమీ చేయకపోవడం కంటే ఎంతో నయం.

నీలం సంగతి వేరు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగులు పుట్టిస్తుంది. పత్రికలు, పుస్తకాలు అచ్చేసే ఆఫ్‌సెట్ యంత్రానికి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలే ఉంటాయి. తెర మీది ముదురు నీలం ఆ సిరాల పరిధిలో లేదు. మార్పిడిలో మెజెంటా ఎక్కువై ఊదా అవుతుంది. సీఎంవైకేలోకి (ఆ నాలుగు సిరాల పద్ధతిలోకి) మార్చాక నీలాల్లో మెజెంటా కనీసం 30 పాయింట్లు సయాన్ కంటే తక్కువ ఉండేలా చూడండి: సయాన్ 100 అయితే మెజెంటా 70 దాటకూడదు. అయితే ఇది ఆఫ్‌సెట్‌కే. ఇంట్లోనో స్టూడియోలోనో పిగ్మెంట్ ఇంక్‌జెట్ మీద తీసేటప్పుడు ఫైలును ఆర్‌జీబీలోనే (తెర వాడే మూడు వెలుగుల పద్ధతిలోనే) ఉంచి, ఆ ప్రింటర్‌కూ ఆ కాగితానికీ తయారైన ఐసీసీ ప్రొఫైల్‌తో (రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ముందుగా సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే, చూడాలి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. రంగుల నియంత్రణ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, ప్రింటర్ డ్రైవర్‌లో ఆపడం మర్చిపోతారు. రెండూ కలిసి రంగును రెండుసార్లు దిద్దడంతో బొమ్మ మొత్తం వింత ఛాయకు తిరుగుతుంది. ఎవరో ఒకరే దిద్దాలి.

చారలకు కారణం అంకెలు. 8 బిట్ ఫైలులో ఒక్కో ఛానెల్‌కు (ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కోదానికి) 256 మెట్లే. మీ ఆకాశం లేత నీలం నుంచి కాస్త ముదురు నీలానికి 40 మెట్లలో, 5,000 పిక్సెళ్ల మేర దిగుతోందనుకోండి. ఒక్కో మెట్టు 125 పిక్సెళ్ల వెడల్పున పట్టీలా కనిపిస్తుంది. పని మొదటి నుంచీ 16 బిట్‌లో చేయాలి. ఇప్పటికే పూర్తయిన బొమ్మయితే ఆకాశం మీద ఒకటి రెండు శాతం నాయిస్ (చెల్లాచెదురు చుక్కల గరుకు) కలపండి, పట్టీలు చెదిరిపోతాయి.

పిక్సెళ్ల లెక్క కూడా కాన్వాస్ తెరిచే రోజే చూసుకోండి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ఏ3 కాగితానికి 3508×4961 కావాలి. 2000×3000 బొమ్మను 24×36 అంగుళాలకు లాగితే అంగుళానికి 83 మిగులుతాయి, దగ్గర్నుంచి చూస్తే మెట్లు కనిపిస్తాయి. రెండు మీటర్ల దూరం నుంచి చూసే పెద్ద ప్రింట్‌కు 150 సరిపోతుంది. పూర్తి ప్రింట్‌కు ముందు, ముఖమో ముదురు నీడో ఉన్న ముక్కను అసలు కొలతలోనే ఏ4 మీద తీయించి, ఒక రోజు ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడండి. కాగితం నూరు శాతం పత్తిదై, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) దరిదాపుల్లో ఉండి, తెలుపు పెంచే రసాయనాలు లేనిదైతే మంచిది. ఆ రసాయనాలున్న కాగితం మొదట తళతళలాడి, అవి క్షీణించే కొద్దీ పసుపు తిరుగుతుంది.

ప్రశ్న: ఫైలు నుంచి లక్ష ప్రింట్లు తీయొచ్చు. అలాంటప్పుడు "అసలు బొమ్మ" ఏది? 1/25 అని రాయడంలో అర్థముందా?

జవాబు: డ్రైపాయింట్‌లో (సూదితో గీసిన లోహపు రేకు నుంచి అచ్చు తీసే పద్ధతి) రేకు మీద సూది లేపిన గరుకు అంచు కొన్ని పదుల ప్రింట్లకే అరిగిపోతుంది. అందుకే మొదటి ప్రింట్లకు విలువ. ఫైలు అరగదు, మొదటిదీ ఇరవై అయిదోదీ ఒకటే. కాబట్టి ఇక్కడి 1/25 సాంకేతికమైన హద్దు కాదు, కళాకారుడు ఇచ్చిన మాట. ఆ మాట నిలిస్తేనే అంకెకు అర్థం. పాతిక అని చెప్పి, తర్వాత కొలత మార్చి ఇంకో పాతిక తీయడం కొనుగోలుదారును మోసగించడమే అంటాం. ఏ కొలతలో ఎన్ని అన్నది మొదటి ప్రింట్ అమ్మకముందే రాసి ప్రకటించాలి. ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (కళాకారుడు తన కోసం ఉంచుకునే అదనపు ప్రింట్లు) ఎడిషన్‌లో పది శాతం లోపు ఉంచడం వాడుక. బొమ్మ కింద తెల్ల అంచులో ఎడమవైపు సంఖ్య, కుడివైపు సంతకం, రెండూ పెన్సిల్‌తో. మెరిసే కాగితం మీద పెన్సిల్ పట్టదు, అలాంటప్పుడు వెనకవైపు సంతకం చేయండి. ఏ ప్రింట్ ఏ తేదీన ఎవరికి వెళ్లిందో ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండాలి.

ప్రశ్న: నాలుగు వాక్యాల ప్రాంప్ట్ (ఏఐకి రాసిచ్చే సూచన) ఇచ్చి ఏఐతో చేయించిన బొమ్మను "నేను వేశాను" అనొచ్చా?

జవాబు: మా దృష్టిలో, అనకూడదు. "చేయించాను" అనొచ్చు. మీరు "వానలో నిలబడ్డ ముసలాయన" అని రాశారు. ఆయన ముక్కు, వేళ్లు, తడిసిన బట్ట మడతలు, వెనక దీపం ఎక్కడుండాలన్నది, ఇవేవీ మీరు చెప్పలేదు. అదే ప్రాంప్ట్‌కు సీడ్ సంఖ్య (ఏఐ బొమ్మ మొదలుపెట్టే యాదృచ్ఛిక అంకె) మారిస్తే వేరే ముసలాయన వస్తాడు. పైన చెప్పిన కొలబద్దతో చూస్తే మనిషి ఎంచుకున్నవి చాలా తక్కువ.

"అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ కూడా సూచనలు రాసిచ్చి గోడ మీద బొమ్మలు వేరేవాళ్లతో గీయించాడు కదా" అని అడుగుతారు. నిజమే. ఆయన సూచనలు గీతలు ఎలాంటివి, ఎటు పోవాలి, ఎలా కలవాలి అన్నది పట్టి చెబుతాయి. గీసేవాళ్లు మారితే వివరాలు కొంత మారొచ్చు, బొమ్మ చట్రం మాత్రం ఆయన చెప్పినదే. చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ తన ఆరన్ అనే ప్రోగ్రామ్‌కు గీతలు గీసే నియమాలను 1970ల తొలినాళ్ల నుంచి 2016లో కన్నుమూసే దాకా తానే రాస్తూ, దిద్దుతూ వచ్చాడు. అక్కడ యంత్రానికి తెలిసిందంతా ఆయన నేర్పిందే. నేటి ఏఐ మోడళ్లు నేర్చుకున్నది ఇతరులు వేసిన కోట్లాది బొమ్మల నుంచి.

చట్టం దేశానికో తీరుగా ఉంది. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2025 జనవరి నివేదికలో ప్రాంప్ట్ ఒక్కటే కర్తృత్వానికి చాలదని చెప్పింది. బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023లో, ప్రాంప్ట్‌లూ సెట్టింగులూ మార్చుకుంటూ చేసిన ఒక బొమ్మకు హక్కు ఒప్పుకుంది.

ఏఐ ఇచ్చినదాన్ని ముడిసరుకుగా తీసుకుని, కూర్పు మార్చి, సగానికి పైగా మళ్లీ గీసి, రంగులు కొత్తగా కట్టినవాళ్ల సంగతి వేరు. అలాంటివాళ్లు ఏ దశలో ఏఐ వాడారో రాసి, లేయర్లున్న ఫైలు చూపితే సరి. ఇక న్యాయనిర్ణేతలకు ఒక మాట: ఏఐ బొమ్మను పట్టేస్తామనే సాఫ్ట్‌వేర్లు చేత్తో వేసినవాటిని కూడా తప్పుగా పట్టేస్తాయి. వాటిని నమ్మి ఎవరినీ పక్కన పెట్టకండి. బదులుగా "ఆ చెయ్యి కాస్త కిందికి దించి, వెలుగు ఎడమనుంచి వచ్చేలా మార్చి చూపించండి" అని అడగండి. సొంతంగా వేసినవాళ్లు ముఖం పాతదే ఉంచి, అడిగినవి మాత్రం మార్చి చూపించగలరు.

ప్రశ్న: ఫోటోకు ఆయిల్ పెయింటింగ్ ఫిల్టర్ వేస్తే?

జవాబు: ఫిల్టర్ వేసిన ఫోటో అవుతుంది. ఫిల్టర్‌కు కన్ను ఏదో, గోడ ఏదో తెలియదు, అంతటా ఒకేలా పూత పూస్తుంది.

ప్రశ్న: ఏ ఫైలు దాచుకోవాలి?

జవాబు: మూడు రకాలు: లేయర్లున్న అసలు ఫైలు, లేయర్లు కలిపిన 16 బిట్ టిఫ్ (వివరం పోకుండా దాచే ఫార్మాట్), చూపించుకోవడానికి జేపెగ్. జేపెగ్‌ను దిద్ది మళ్లీ భద్రపరిచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి దాన్ని అసలుగా ఉంచుకోకండి. మూడు ప్రతులు, రెండు వేరు వేరు పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా కంప్యూటర్ మీద వేసిన బొమ్మలు దాదాపు ముప్పై ఏళ్లు ఫ్లాపీల్లోనే ఉండిపోయాయి. అవి మామూలుగా తెరుచుకునే ఫార్మాట్‌లో లేవు. ఆ ఫార్మాట్‌ను విప్పి, 2014లో వాటిని బయటికి తీయగలిగారు. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోని ఫైలు మీ దగ్గరుంటే, దాని టిఫ్ ప్రతిని ఈ వారమే తీసి పెట్టండి. ఏడాదికోసారి అన్ని ప్రతులూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.