గీకడం వచ్చినవాడికే పెయింట్ పని

ప్రశ్న: మా అబ్బాయి 10వ తరగతి 430 మార్కులతో పాసయ్యాడు. సెలవుల్లో వాళ్ల మేనమామ గ్రిల్ షెడ్డుకు వెళ్లి పాత గేట్ల పెయింట్ గీకడం, కొత్తది వేయడం చేస్తున్నాడు. ఇప్పుడు అదే పని నేర్చుకుంటానంటాడు. నేను డిప్లొమా అంటున్నాను. పెయింటర్‌కి పిల్లనెవరిస్తారని వాళ్లమ్మ టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, శ్రీకాళహస్తి

జవాబు: ముందు మీ అబ్బాయి పెయింట్ వేసిన గేటు ఒకటి ఎండలో నిలబెట్టి చూడండి. మధ్యలో మెరుపు చూసి మురిసిపోకండి. అడుగు పట్టీ, వెల్డింగ్ అతుకులు, అంచులు చూడండి. అంచుల మీద పెయింట్ పలచగా నిలుస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ చోట్ల ముందే బ్రష్షుతో అదనంగా ఒక కోటు వేసి, తర్వాత స్ప్రే గన్ పట్టుకుని ఉంటే వాడికి పని మీద చూపు ఉన్నట్టే. బాగా ఆరాక ఓ మూల బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, టేపు అంటించి లాగమనండి. టేపుతో పాటు పెయింట్ ఊడొస్తే చాలాసార్లు కింద నూనో తుప్పో మిగిలిపోయిందని అర్థం.

పెయింట్ కొట్టడం కొన్నాళ్లకు ఎవరికైనా వస్తుంది. జీతం తేడా పడేది అంతకు ముందు చేసే పనిలో. పెద్ద పనుల్లో తుప్పు, పాత పెయింట్ గ్రిట్ బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి తీస్తారు. ఎంత శుభ్రం కావాలో చెప్పడానికి ఎస్ఏ రెండున్నర (దాదాపు పూర్తిగా శుభ్రం) లాంటి గ్రేడ్లు ఉంటాయి. అలా తెల్లబడిన ఇనుము కొన్ని గంటల్లోనే మళ్లీ తుప్పు పట్టేస్తుంది కాబట్టి ప్రైమర్ ఆలస్యం కాకూడదు. గాలిలో తేమ 85 శాతం దాటితే మామూలుగా పని ఆపేస్తారు. మన వైపు నవంబరు వానల్లో ఈ ఒక్క లెక్క తెలియక ఎన్ని గేట్లు బొబ్బలెక్కుతాయో! జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) షీటు మీద మామూలు ఎనామిల్ నేరుగా వేస్తే పొరలుగా లేస్తుంది. కాస్టిక్ సోడా ఇనుము మీద పెయింట్ తీస్తుంది గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇవన్నీ షెడ్డులో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మేనమామ ఏమనుకున్నా సరే, షెడ్డు ఒక్కటే చాలదు.

ఐటీఐలో పెయింటర్ జనరల్ అని రెండేళ్ల ట్రేడ్ ఉంది. ఏ ఐటీఐలో సీట్లున్నాయో అడ్మిషన్ల సమయంలో కనుక్కోండి. ఆ తర్వాత అప్రెంటిస్. తిరుపతిలోనే రైల్వే క్యారేజ్ రిపేర్ షాపు ఉంది, బోగీలను విప్పి బాగుచేసి మళ్లీ పెయింట్ వేసి పంపే చోటు. రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో పెయింటర్ ట్రేడ్ కూడా వస్తుంటుంది. 10లో కనీసం 50 శాతం మార్కులు, ఐటీఐ ఉండాలి. రాత పరీక్ష లేదు, ఆ రెండింటి మార్కులతోనే మెరిట్. అప్రెంటిస్ అయినంత మాత్రాన ఉద్యోగం ఖాయమనుకోవద్దు, కానీ రైల్వే లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) నియామకాల్లో వీళ్లకు 20 శాతం వాటా ఉంది. శ్రీసిటీలో, ఆ చుట్టుపక్కల ఇసుజు, హీరో లాంటి వాహన ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ఆ రంగంలో గన్ చాలావరకు రోబో చేతికి పోయింది. లోపం పట్టి సరిచేసే మనిషి అవసరం మాత్రం పోలేదు.

మీరనే డిప్లొమా కూడా మంచి దారే. మెకానికల్ చేసి కోటింగ్ ఇన్‌స్పెక్టర్ కావచ్చు. పెయింట్ మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలిచి పాసో ఫెయిలో తేల్చే ఉద్యోగం అది. లెక్కలు, సైన్సులో మార్కులు బాగుంటే నా ఓటు దీనికే. పుస్తకం చూస్తే పారిపోయేవాడైతే మూడేళ్లు బ్యాక్‌లాగులతో ఈడ్చడం కంటే ఐటీఐ నయం. రైల్వే అప్రెంటిస్ అని చెబితే వాళ్లమ్మ టెన్షన్ కూడా కొంచెం తగ్గుతుంది లెండి.

నాకు భయం వాడి ఊపిరితిత్తుల గురించే. పీయూ (పాలీయురెథేన్) పెయింట్లు గట్టిపడటానికి కలిపే హార్డనర్లో ఐసోసైనేట్లనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు పీలిస్తే ఉబ్బసం రావచ్చు, ఒకసారి వచ్చాక కొంచెం వాసన తగిలినా తట్టుకోలేరు. పాత పెయింట్లో సీసం ఉండొచ్చు, గ్రైండర్ పెడితే అదంతా దుమ్మై లోపలికి పోతుంది. మూతికి కట్టిన జేబురుమాలు వీటిలో దేన్నీ ఆపదు. 18 నిండేదాకా స్ప్రే గన్ ముట్టనివ్వకండి. పీయూ కొట్టే రోజు షెడ్డుకే పంపకండి. ఈ మాట మేనమామతో మీరే చెప్పండి, పిల్లవాడు అడగలేడు.